పీట పెద్దదే

సన్మానం చేయడంలో మన తెలుగువాళ్లని మించినవాళ్లు భూప్రపంచంలో ఉండరు. బందరు కావచ్చు, గుడివాడ కావచ్చు, అవనిగడ్డ కావచ్చు, ఊరు ఏదైనా కార్యక్రమం మాత్రం ఒకటే. ముందు పూలదండ, తరువాత శాలువా, ఆ పైన అద్దం బిగించిన సన్మానపత్రం, చివర ఒక జ్ఞాపిక. బందరులో అయితే లడ్డూల పొట్లం అదనం. రోహిణి కార్తెలో, చెమటలు ధారలు కడుతున్నవేళ, ఉన్ని శాలువా కప్పుకుని నవ్వుతూ కూర్చున్న పెద్దమనిషిని చూస్తే నాకెప్పుడూ ఒక అనుమానం వస్తుంది. మనం ఆయన భుజాలు కప్పుతున్నామా, నోరు కప్పుతున్నామా?

మరేం లేదు. దండ వేయించుకున్న మనిషి వేసినవాళ్లని తిట్టలేడు. ఆయన ఆ ఊరికి బయలుదేరినప్పుడు మనసులో పది విషయాలు అనుకుని ఉంటాడు. "మీ ఊళ్లో ఫలానా పేటవాళ్లకి మంచినీళ్ల కుళాయి ఎందుకు లేదు?" అని అడగాలనుకుని ఉంటాడు. శాలువా మీద పడేసరికి ఆ పదింట్లో తొమ్మిది గొంతులోనే ఆగిపోతాయి. పదోది కూడా, "ఈ ఊరికి ఘనమైన చరిత్ర ఉంది" అన్నమాటగా మారి బయటికి వస్తుంది. కవులు, గాయకులు అయితే ఇందులో పోయేదేమీ లేదు. వచ్చినవాడు అన్యాయాన్ని అన్యాయమని చెప్పడమే పనిగా పెట్టుకున్నవాడైతేనే చిక్కు. అలాంటివాణ్ణి పిలిచి గౌరవిస్తే మనం ఏ బాధ్యత నెత్తిన వేసుకున్నట్టు? ఆయన చెప్పింది వినాలా? విని ఊరుకుంటే చాలా?

ఈ ప్రశ్న ఒక ఊరి టౌనుహాలులో చిన్నదిగా కనిపిస్తుంది. ఒక దేశపు పార్లమెంటు, మానవ హక్కుల కోసం జైళ్లు చూసి వచ్చిన మనిషిని రమ్మని పిలిచినప్పుడు పెద్దదైపోతుంది.

మన పార్లమెంటులో ఎవరు మాట్లాడొచ్చో రాజ్యాంగం చెప్పింది. సభ్యులు ఎలాగూ మాట్లాడతారు. 86, 87 అధికరణాల ప్రకారం రాష్ట్రపతి ప్రసంగించవచ్చు. 88 ప్రకారం మంత్రులు, అటార్నీ జనరల్ ఏ సభలోనైనా మాట్లాడవచ్చు. అంతే. బయటివాడు ఎంత మహానుభావుడైనా లోక్‌సభలో గానీ రాజ్యసభలో గానీ లేచి నిలబడి నోరు విప్పడానికి వీల్లేదు. మరి అతిథులో? వాళ్లకోసం సెంట్రల్ హాలు ఉండేది. గుండ్రటి పాత భవనం నడిబొడ్డున, పెద్ద గుమ్మటం కింద, గోడల నిండా మహనీయుల చిత్రపటాలతో ఉన్న ఆ హాల్లో ఉభయ సభల సభ్యులూ వచ్చి కూర్చునేవారు. అతిథి మాట్లాడేవాడు. చప్పట్లు మోగేవి. అందరూ లేచి వెళ్లేవారు.

ఇక్కడో కిటుకు ఉంది, గమనించారా? ఆ కూటమి సభ్యుల సమావేశమే గానీ సభ జరిగినట్టు లెక్క కాదు. అక్కడ అతిథి చెప్పినదానిమీద చర్చ లేదు, తీర్మానం లేదు, ఓటింగు లేదు. ఏ మంత్రీ లేచి, "గౌరవనీయ అతిథిగారు లేవనెత్తిన అంశానికి నా సమాధానం" అని చెప్పనక్కర్లేదు. పీట చూస్తే దేశంలోకెల్లా పెద్దది. దానిమీద కూర్చున్నవాడి మాటకు బదులు చెప్పాల్సిన అగత్యం మాత్రం ఎవరికీ లేదు.

ఆ పీటమీద కూర్చున్నవాళ్లలో, నాకు తెలిసినంతలో, దానికి అందరికంటే తగినవాడు, అందరికంటే ఇబ్బంది పెట్టినవాడు ఒకాయనే. మనవాళ్లు సరిహద్దు గాంధీ అని పిలుచుకున్న ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్. పఠాన్లు ఆయన్ని బాద్షా ఖాన్ అన్నారు. 1890లో పుట్టాడు. తుపాకీ లేనిదే గడప దాటని జాతిలో, 1929లో ఖుదాయీ ఖిద్మత్‌గార్లు అనే నిరాయుధ సైన్యాన్ని తయారుచేశాడు. మరుసటి ఏడు ఏప్రిల్ 23న పెషావరు కిస్సాఖ్వానీ బజారులో తెల్లవాళ్లు తుపాకులు పేల్చినప్పుడు ఆ పఠాన్లు తిరిగి రాయి కూడా వేయలేదు. వాళ్లమీద కాల్చమంటే గఢ్వాలీ సిపాయిలు కాల్చం పొమ్మన్నారు. తెల్లవాళ్ల జైళ్లు, ఆ తరువాత పాకిస్తాన్ జైళ్లు కలిపి పాతికేళ్లకు పైగా చూశాడాయన. 1962లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ వారు ఆ సంవత్సరపు ఖైదీగా ఎంచింది ఆయన్నే.

1969లో, గాంధీగారి శతజయంతి సంవత్సరం, ఆయన కాబూలు నుంచి ఢిల్లీకి వచ్చాడు. అప్పటికి దాదాపు ఎనభై ఏళ్లవాడు. చేతిలో ఒక బట్టల మూట. విమానాశ్రయంలో ఇందిరాగాంధీ ఆ మూట అందుకోబోతే ఇవ్వలేదని చెప్పుకుంటారు. మనవైపు పెళ్లికి వచ్చిన చుట్టం చేతిలో సంచీ లాక్కోకపోతే మర్యాద తక్కువ. ఆయన మర్యాద వేరు. ఎవడి బరువు వాడే మోయాలనే రకం.

ఆయన వచ్చిన ముహూర్తం ఎలాంటిదంటే, సెప్టెంబరులోనే అహ్మదాబాదులో మతకల్లోలాలు చెలరేగి వందలమంది చచ్చిపోయారు. అది గాంధీగారు సబర్మతి ఆశ్రమం కట్టుకున్న ఊరు! శతజయంతి పందిళ్లు వేస్తున్నవాళ్ల మధ్యకు వచ్చి ఈ ముసలాయన చేసిన మొదటి పని మూడురోజులు ఉపవాసం ఉండటం. ఇంటికి వచ్చిన అతిథి విస్తరి ముందు కూర్చుని, "మీ ఇంట్లో జరిగినదానికి నాకు అన్నం సయించడం లేదు" అన్నాడన్నమాట. ఇంతకంటే పెద్ద చురక ఏ ఉపన్యాసంలో ఉంటుంది?

ఆ నవంబరులో సెంట్రల్ హాల్లో ఉభయ సభల సభ్యులు ఆయన మాట వినడానికి కూర్చున్నారు. రాష్ట్రపతి మన వి.వి.గిరిగారు, ఆగస్టులోనే ఆ పదవికి వచ్చారు. పాలకపక్షం కాంగ్రెసు అదే నెలలో రెండుగా చీలింది. ఆ రెండు ముక్కలవాళ్లూ ఒకే హాల్లో కూర్చుని, ఐకమత్యం గురించి, అహింస గురించి ఒక పఠాను చెబుతుంటే విన్నారు. ఆయన ఆ పర్యటన పొడుగునా దాచకుండా చెప్పిన విషయం ఒకటే. మీరు గాంధీని మర్చిపోయారు, వెనక బుద్ధుణ్ణి మర్చిపోయినట్టే, అని. మనకి ఆ మాట కొత్తేమీ కాదు. అప్పుడప్పుడు మనమే అనుకుంటాం. అయితే మనం అనుకోవడం వేరు, ఆయన అనడం వేరు.

ఎందుకు వేరో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఆ హాలు ఆయనకి కొత్త కాదు. 1946 డిసెంబరు 9న రాజ్యాంగసభ మొదటిసారి కొలువుతీరింది ఆ హాల్లోనే. ఆ సభకి ఎన్నికైన సభ్యుల్లో మన బందరు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఉన్నారు, దుర్గాబాయమ్మ ఉంది, ప్రకాశం పంతులుగారు ఉన్నారు. వాయవ్య సరిహద్దు రాష్ట్రం తరఫున ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ ఉన్నాడు. ఆ తరువాత ఆరేడు నెలల్లో దేశవిభజనకి కాంగ్రెసు ఒప్పుకుంది. గాంధీగారు, ఈయన మనసు చంపుకుని ఊరుకోవాల్సి వచ్చింది. సరిహద్దు రాష్ట్రం పాకిస్తానులోకి పోయింది. మమ్మల్ని తోడేళ్లకి వదిలేశారని ఆయన అప్పుడే అన్నాడు. అంటే 1969లో మనం పిలిచింది పరాయి దేశపు పెద్దమనిషిని కాదు. ఒకనాడు ఆ ఇంట్లో వాటాదారుగా ఉండి, మనం పంచుకున్న పంపకంలో వీధిన పడ్డవాణ్ణి, ఇరవై రెండేళ్ల తరువాత చుట్టంగా పిలిచి పీట వేశాం.

ఆయన రాకుండా ఉండవచ్చు. వచ్చి, పాత పద్దులు విప్పి దులిపెయ్యనూ వచ్చు. ఆయన తనకి మనం చేసినదానికంటే, మనకి మనం చేసుకుంటున్నదాని గురించే ఎక్కువ బాధపడ్డాడు. నేను దీన్ని గొప్ప సంగతి అంటాను. తన గాయం చూపించి మాట్లాడేవాడి మాటకి జాలిపడి తప్పించుకోవచ్చు. మన గాయం చూపించేవాడి ముందు తప్పించుకునే దారి ఉండదు.

తప్పించుకున్నాం లెండి! చప్పట్లు కొట్టి తప్పించుకున్నాం. 1987లో భారతరత్న కూడా ఇచ్చాం. ఆ బిరుదు అందుకున్న మొదటి విదేశీయుడు ఆయనే. మరుసటి ఏడు జనవరి 20న పెషావరులో కన్నుమూశాడు. అహ్మదాబాదులో ఆయన ఉపవాసం తరువాత ఎన్ని ఊళ్లలో ఎన్ని కల్లోలాలు జరిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నేను ఢిల్లీ నుంచి తిన్నగా గిలకలదిండికి వస్తాను. దూరం ఎక్కువే. కానీ విషయం అదే.

బందరు ఓడరేవులో తుపాను వస్తోందంటే ప్రమాద సూచిక ఎగరేస్తారు. వాటికి నంబర్లు ఉన్నాయి. ఒకటి, రెండు అంటే దూరాన ఏదో పుడుతోందని. మూడు, నాలుగు అంటే మన రేవుకే గాలి రావొచ్చని. అయిదు నుంచి ఏడు ప్రమాదం. ఎనిమిది నుంచి పది మహాప్రమాదం. గిలకలదిండి ఒడ్డున బోటు కట్టేసుకుంటున్న కుర్రాడు, "బాబాయ్, ఎన్నోదంట?" అంటాడు. వలలు మడత పెడుతున్న సరంగు తల ఎత్తకుండానే, "మూడేశారంటరా, తాళ్లు గట్టిగా చూడు" అంటాడు. అంతే సంభాషణ. ఎవరూ ఆ కొయ్యకి దండ వెయ్యరు. శాలువా కప్పరు. దాని ఎత్తు గురించి, త్యాగనిరతి గురించి ఉపన్యాసం ఇవ్వరు. అది చెప్పింది విని, వేట మానుకుని, బోట్లు లోపలికి లాక్కుంటారు. వేట మానితే ఆ పూట కూడు మానినట్టే. అయినా మానుతారు.

ఈ నమ్మకం ఊరికే రాలేదు. 1864 నవంబరు 1న ఈ బందరు మీద పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన దాంట్లో సుమారు 10,000 మంది. రెండోసారి రేడియోలో హెచ్చరిక లేకపోలేదు. అది చివరి గుడిసె దాకా చేరలేదు. చేరినచోటా ఎప్పుడూ చెప్పేదే కదా అనుకున్నవాళ్లు ఉన్నారు. ఆ తరువాత ఈ తీరంలో ఆ నంబర్లని తేలిగ్గా తీసుకోవడం తగ్గింది.

అన్నట్టు, సూచికల్లో పది తరువాత పదకొండు కూడా ఉంది. పదింటికంటే పెద్ద గాలి అని కాదు దాని అర్థం. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక ఏ కబురూ రాదు అని. ఈ ఏర్పాటు చేసినవాళ్లెవరో గానీ గట్టి బుర్ర ఉన్నవాళ్లు. మహాప్రమాదం కంటే పైమెట్టున, కబురు చెప్పేవాడు లేకపోవడాన్ని పెట్టారు. మానవ హక్కుల మనిషిని జైల్లో పెట్టిన దేశాల సంగతి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ పదకొండో నంబరే గుర్తొస్తుంది.

సరే, దూరాన్నించి వచ్చిన బాద్షా ఖాన్‌కి పీట వేశాం. మన పెరట్లో ఉన్నవాళ్ల మాటేమిటి?

తెలుగుదేశంలో ఇలాంటివాళ్లకి కరువు రాలేదు. కె.జి.కన్నబిరాన్‌గారు ఏళ్ల తరబడి పౌరహక్కుల సంఘానికి అధ్యక్షుడుగా ఉండి, ఎన్‌కౌంటర్లలో పోయినవాళ్ల తరఫున కోర్టుల్లో వాదించారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన బాలగోపాల్‌గారు ఆ ఉద్యోగం వదిలి, తరువాత లాయరై, పల్లె పల్లె తిరిగి ఎక్కడ ఏం జరిగిందో నిజనిర్ధారణ చేసి రాశారు. ఇటు చంపేవాళ్లనీ అడిగారు, అటు చంపేవాళ్లనీ అడిగారు. అందుకని ఇటువాళ్లకీ అటువాళ్లకీ కంటకమయ్యారు. బొజ్జా తారకంగారు 1985లో కారంచేడులో దళితుల్ని చంపినప్పుడు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా ఇచ్చేసి బాధితుల పక్కన నిలబడ్డారు. 1991 ఆగస్టు 6న చుండూరు జరిగినప్పుడు కూడా. ఆ చుండూరు ఎంతో దూరం కాదు. దివిసీమలో నిలబడి కృష్ణ దాటితే తెనాలి వైపు వస్తుంది. ఐ.ఎ.ఎస్. చేసిన ఎస్.ఆర్.శంకరన్‌గారు వెట్టిచాకిరీలో ఉన్నవాళ్లని విడిపించడం ఒక వ్రతంగా పెట్టుకున్నారు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. శాలువా సంగతి ఆయనకి ముందే తెలుసు కాబోలు!

వీళ్లలో ఎవర్నైనా సెంట్రల్ హాల్లో పీట వేసి ఉభయ సభల ముందు మాట్లాడమన్నారా? లేదు. పెరటిచెట్టు మందుకి పనికిరాదని సామెత ఉండనే ఉంది. దూరపు కొండలు నునుపని ఇంకొకటి. రెండూ కలిపి చూస్తే పార్లమెంట్ల అతిథి మర్యాద మొత్తం అందులోనే ఉంది. ఇతర దేశంలో జైలుకి వెళ్లినవాడు వీరుడు. మన దేశంలో వెళ్లినవాడి మీద కేసుంది. ఇది మన ఒక్కరి జబ్బూ కాదు. లండనువాళ్లు, ఒట్టావావాళ్లు కూడా ఇంతే. ఎవరి పార్లమెంటైనా పొరుగువాడి పాపం చెప్పడానికి వచ్చినవాడికి తలుపులు బార్లా తెరుస్తుంది.

ఇక్కడ మీలో ఎవరైనా అడ్డుపడవచ్చు. "ఏమండీ, మనిషిని నెత్తిన పెట్టుకుంటే రేపు ఆ మనిషే మారిపోతే?" అని. న్యాయమైన ప్రశ్న. బర్మా ఆంగ్ శాన్ సూకీ ఉదంతమే తీసుకోండి. ఏళ్ల తరబడి గృహనిర్బంధంలో ఉండి, 2012 జూన్ 21న లండను వెస్ట్‌మిన్‌స్టర్ హాల్లో బ్రిటిషు పార్లమెంటు ఉభయ సభలవారి ముందు మాట్లాడింది. ఆ నవంబరులో మన ఢిల్లీకి వచ్చి నెహ్రూ స్మారకోపన్యాసం ఇచ్చింది. అక్కణ్ణించి మన అనంతపురం జిల్లా మడకశిర వైపు ఒక పల్లెకి వెళ్లి, పొదుపు సంఘాల ఆడవాళ్లతో మాట్లాడింది కూడాను. పొట్ట చేతపట్టుకుని రంగూను వెళ్లిన తెలుగువాళ్ల కథలు విన్న మనకి ఆవిడ ఏదో చుట్టంలాగే అనిపించింది. తరువాత ఏమైంది? ఆవిడ ప్రభుత్వంలో ఉండగానే రోహింగ్యాలు లక్షల్లో ఇళ్లు వదిలి పారిపోయారు. 2018లో కెనడా పార్లమెంటు ఆవిడకి తాను ఇచ్చిన గౌరవ పౌరసత్వం వెనక్కి తీసుకుంది. 2019 డిసెంబరులో ఆవిడ హేగ్ న్యాయస్థానానికి స్వయంగా వెళ్లి తన దేశపు సైన్యం పక్షాన వాదించింది. 2021 ఫిబ్రవరి 1న ఆ సైన్యమే ఆవిణ్ణి మళ్లీ నిర్బంధించింది.

అయితే 2012లో పిలిచినవాళ్లు తప్పు చేశారా? నేను అలా అనుకోను. ఆ రోజు ఆవిడ చెప్పింది ఆ రోజుకి నిజం. సూచిక కొయ్యకి చెదపట్టినా, నిన్న అది చూపించిన తుపాను అబద్ధం కాదు. తప్పు ఎక్కడుందంటే, చెప్పినదాన్ని వదిలి చెప్పినవాళ్లని పూజించడంలో. మాటని పట్టుకున్నవాడికి మనిషి మారినా దిక్కుతోచకుండా పోదు. "అమ్మా, నువ్వు చెప్పిందే నీకు చెబుతున్నాను" అనగలడు. దండ మాత్రమే పట్టుకున్నవాడికి దాన్ని తిరిగి లాక్కోవడం తప్ప ఇంకేం మిగులుతుంది?

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. "మేం జనం ఓట్లతో వచ్చినవాళ్లం. ఈయన్ని ఎవరు ఎన్నుకున్నారు? ఏ అధికారంతో మాకు బుద్ధి చెబుతాడు?" అని సభ్యుడు అడిగితే, ఆ ప్రశ్నని నేను తేలిగ్గా తీసిపారెయ్యను. నిజమే, ఎవరూ ఎన్నుకోలేదు. కానీ మన ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షను చూడండి. జైల్లో ఉన్నవాడికి ఓటు లేదు. శిక్ష పడ్డవాడి సంగతి సరే. నేరం రుజువు కాకుండా, విచారణ కోసం ఏళ్ల తరబడి లోపల మగ్గుతున్నవాడికీ లేదు. బర్రె దొంగతనం కేసులో జామీను డబ్బు కట్టలేక లోపల ఉన్న కూలివాడి దగ్గరికి ఏ అభ్యర్థీ చేతులు జోడించి రాడు. రావలసిన అవసరమే లేదు. తలలు లెక్కపెట్టి నడిచే సభలో, లెక్కలోకి రాని తలల మాట ఎవరు చెప్పాలి? ఎన్నిక కానివాడు చెప్పాల్సిన మాటలు కొన్ని ఉంటాయి. అతన్ని ఎవరూ ఎన్నుకోకపోవడమే అతనికున్న యోగ్యత.

కాబట్టి పిలవాలి. పిలవడం మానేయమని నేను చెప్పడం లేదు. పీట వేసిన ఇల్లు, ఉత్తుత్తిగా వేసినా సరే, ఒక మాట ఇచ్చినట్టే. రేపు ఎవడైనా, "ఆయన్ని పిలిచి చప్పట్లు కొట్టారు కదా, ఇప్పుడిదేమిటి?" అని గుచ్చి అడగడానికి ఒక మేకు దొరుకుతుంది. అసలు పిలవని ఇంటిని ఆ మాటైనా అడగలేం.

అయితే ఎక్కడ కూర్చోబెట్టాలన్నదాని మీద నాకో మనవి ఉంది. 2023 సెప్టెంబరులో పార్లమెంటు కొత్త భవనంలోకి మారింది. పాతదానికి సంవిధాన్ సదన్ అని పేరు పెట్టారు. కొత్త భవనంలో సెంట్రల్ హాలు లేదు. మంచిదే. చప్పట్ల గది ఒకటి తగ్గింది. కమిటీ గదులు ఉన్నాయి కదా! పార్లమెంటు స్థాయీసంఘాలు సాక్షుల్ని పిలిచి, ఒక బల్ల చుట్టూ కూర్చుని, ప్రశ్నలు వేసి, జవాబులు రాసుకుంటాయి. అక్కడ గుమ్మటం లేదు, చిత్రపటాలు లేవు, శాలువా అసలే లేదు. కానీ సంఘం సిఫార్సు చేసిందంటే, దానిమీద ఏం చర్య తీసుకున్నదీ ప్రభుత్వం జవాబు రాయాలి. మామూలుగా దానికి మూడు నెలల గడువు. బాలగోపాల్‌గారిలాంటి మనిషికి ఆ బల్ల దగ్గర ఒక మామూలు కుర్చీ వేస్తే, ఆయన సెంట్రల్ హాలు పీటకంటే దాన్నే కోరుకునేవారని నాకు గట్టి నమ్మకం.

ఆ కుర్చీలో ఎప్పుడైనా మన గిలకలదిండి సరంగుని కూడా కూర్చోబెట్టాలి. ఆయన మానవ హక్కులు అనే మాట వాడకపోవచ్చు. మొగ పూడిపోయి, పోటు వచ్చేదాకా చేపలతో బోటు బయటే నిలబడాల్సి వస్తుందని చెబుతాడు. ఇసక తవ్వుతామని ఎన్నిసార్లు చెప్పారో, ఎవరు చెప్పారో వరసగా చెబుతాడు. వేటకెళ్లి తిరిగిరాని మనిషి శవం దొరక్కపోతే, చనిపోయినట్టు కాగితం పుట్టడానికి అతని పెళ్లాం ఎన్ని ఆఫీసులు తిరిగిందో చెబుతాడు. చెప్పడం అయ్యాక, జవాబు ఎప్పుడు వస్తుందని అడుగుతాడు.

మూడు నెలలు అంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, ఏటా 61 రోజులు వేట మానుకుని ఒడ్డున కూర్చునే మనిషి ఆయన. ఇంకో నెల కూర్చోమంటే కూర్చుంటాడు.